గరాజ్‌లో మిగిలిన పెయింట్ డబ్బాలను హజార్డస్ వేస్ట్ సెంటర్‌లో ఎలా ఇవ్వాలి?

మీ ప్రశ్న చదవనివాళ్ళ కోసం ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఇల్లు అమ్మి టెక్సస్ వెళ్తున్నారు. గరాజ్‌లో 23 పెయింట్ డబ్బాలున్నాయి. సగానికి పైగా పాత ఓనర్లు వదిలివెళ్ళినవే. మూవర్స్ వాటిని ముట్టుకోం అన్నారు. పక్కింటాయన కిట్టీ లిట్టర్ (పిల్లుల మలమూత్రాల కోసం ఇళ్ళలో వాడే, తడి పీల్చే మట్టి గుళికలు) పోసి చెత్తబుట్టలో వేసేయమన్నారు. ఇండియా నుంచి వచ్చిన మీ నాన్నగారు అన్నీ ఒక బకెట్‌లో కలిపి పెరట్లో షెడ్‌కి వేసేద్దాం అంటున్నారు. ఇంకో 12 రోజుల్లో తాళాలు ఇచ్చేయాలి, టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి అని అడిగారు.

నేను బే ఏరియాలో, అంటే శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, ఒక కౌంటీ (జిల్లా లాంటిది) హజార్డస్ వేస్ట్ సెంటర్‌లో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నాను. ఇళ్ళ నుంచి వచ్చే ప్రమాదకరమైన చెత్తను తీసుకునే చోటు అది. కార్లలోంచి డబ్బాలు దించి, ఏది ఏమిటో చూసి, వేరు వేరు పీపాల్లోకి పంపే పని. అందుకే అన్నిటికంటే ముందు నాన్నగారికి ఒక మాట చెప్పండి. బకెట్‌లో కలపొద్దు. ఇప్పటికే కలిపేసి ఉంటే ఇక మిగతావి కలపకండి. డబ్బాలో ఉన్నది ఉన్నట్టే, ఏ డబ్బా లేబుల్ ఆ డబ్బా మీదే ఉండగా మా దగ్గరికి రావాలి. నేను చెప్పబోయే రూల్స్ అన్నీ చివరికి ఇక్కడికే వస్తాయి.

ఎందుకో చెబుతాను. మా దగ్గర రెండు దారులుంటాయి. నీళ్ళతో కలిసే పెయింట్, అంటే లేటెక్స్, అక్రిలిక్ రకాలు ఒక దారి. ఆయిల్ పెయింట్, ఎనామిల్, ఆయిల్‌తో చేసిన వార్నిష్ ఇంకో దారి. నీళ్ళ పెయింట్ బాగుంటే దాన్ని మళ్ళీ పెయింట్‌గానే మారుస్తారు. డబ్బాలు తెరిచి, కలియబెట్టి, వాసన చూసి, తెలుపు ఒకవైపు, లేత రంగులు ఒకవైపు, ముదురు రంగులు ఒకవైపు పెద్ద తొట్లలో పోసి, వడకట్టి, కావలసినవి కలిపి కొత్త డబ్బాల్లో నింపి అమ్ముతారు. శాక్రమెంటోలో ఇదే పని చేసే కంపెనీ ఉంది, విజన్స్ అని. ఆయిల్ పెయింట్ మాత్రం ఎక్కువగా ఇంధనంలో కలిపి సిమెంట్ బట్టీల్లాంటి చోట్ల మండించడానికి పోతుంది. ఈ రెండూ ఒక బకెట్‌లో పడ్డాయంటే అందులో ఉన్నదాన్ని ఇక మళ్ళీ పెయింట్‌గా మార్చలేం.

ఆయిల్ కలవకుండా నీళ్ళ పెయింట్లే కలిపినా నష్టమే. బయటి గోడల పెయింట్‌లో బూజు పట్టకుండా మందులు కలుపుతారు, దాన్ని గది లోపల వాడకూడదు. పైగా పాత డబ్బాల్లో ఒక్కటైనా కుళ్ళి ఉంటుంది. మూత తీయగానే కోడిగుడ్డు మురిగిన వాసన వస్తుంది. ఒక్క చుక్క మజ్జిగతో కుండెడు పాలు తోడుకున్నట్టు, ఆ ఒక్క డబ్బా పోస్తే బకెట్ మొత్తం పోతుంది. నాన్నగారి ఉద్దేశం మంచిదే, ఏదీ వృథా కాకూడదని ఆయన బాధ. ఆయన కోరుకునేది జరిగే దారి కూడా ఉంది, అది కింద చెబుతాను. అది డబ్బాలు విడివిడిగా ఉంటేనే సాధ్యం.

ఇప్పుడు కాగితం, మార్కర్ తీసుకుని గరాజ్‌లోకి వెళ్ళండి. ప్రతి డబ్బా వెనక క్లీనప్ ఎలా చేయాలో రాసి ఉంటుంది. సోప్ అండ్ వాటర్ అని ఉంటే అది నీళ్ళ పెయింట్. మినరల్ స్పిరిట్స్ అనో, పెయింట్ థిన్నర్ అనో ఉంటే ఆయిల్ పెయింట్. ఇంతకంటే పెద్ద పరీక్ష ఇంట్లో అక్కర్లేదు. లేబుల్ చిరిగిపోయి చదవలేకపోతే మూత మీద అన్‌నోన్ అని రాసి పక్కన పెట్టండి. ఊహించి ఏదో ఒకటి రాయకండి. తెలియదని రాసిన డబ్బాను మేం జాగ్రత్తగా పట్టుకుంటాం. తప్పు పేరు రాసి ఉంటే అది తప్పు పీపాలోకి వెళ్తుంది.

పాత ఓనర్ల డబ్బాల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మీ ఇల్లు 60ల్లో కట్టింది అన్నారు. అమెరికాలో ఇళ్ళకు వాడే పెయింట్‌లో సీసం (లెడ్) కలపడాన్ని 1978లో నిషేధించారు. పాదరసం సంగతి చాలామందికి తెలియదు. నీళ్ళ పెయింట్ చెడిపోకుండా ఉండేందుకు అందులో పాదరసం మందు కలిపేవాళ్ళు. 1989లో మిషిగన్‌లో ఒక ఇంటి లోపల 17 గాలన్ల (గాలన్ అంటే నాలుగు లీటర్లకు కాస్త తక్కువ) లేటెక్స్ పెయింట్ వేయించారు. ఆ పెయింట్‌లో పాదరసం మోతాదు మించి ఉంది. ఆ ఇంట్లో ఉన్న నాలుగేళ్ళ బాబు పాదరసం విషంతో ఆసుపత్రి పాలయ్యాడు. ఆ తర్వాత 1990లో ఇంటి లోపలి పెయింట్‌లో పాదరసం వాడకం ఆపించారు. అందువల్ల డబ్బా తుప్పు పట్టి, కంపెనీ పేరు మీరెప్పుడూ విననిదై, లేబుల్ మీద 80ల నాటి తేదీ ఉంటే దాని మూత తెరవొద్దు, కలియబెట్టొద్దు. ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, దించేటప్పుడు ఇది చాలా పాతది అని మా వాళ్ళకు నోటితో చెప్పండి. అలాంటివి కూడా తీసుకుంటాం, కాకపోతే వాటిని రీసైక్లింగ్ వైపు పంపం.

సీసాలు, జాడీల్లోకి మార్చడం ఇంకో పెద్ద తప్పు. కొన్నేళ్ళ కిందట మన తెలుగు పెద్దాయన ఒకరు గాజు జాడీ తెచ్చారు. దాని మీద గోంగూర పచ్చడి లేబుల్ సగం ఇంకా అంటుకునే ఉంది. లోపల తేనె రంగులో ఏదో ద్రవం. వుడ్ స్టెయిన్, అంటే చెక్కకు పట్టించే రంగు అనుకుంటున్నాను అన్నారాయన. పక్కన కూర్చున్న ఆవిడ, ఇది మొన్నటిదాకా గరాజ్‌లో ఫ్రిజ్ మీద పచ్చళ్ళ పక్కనే ఉంది, మనవరాలు మూత తీయబోయింది అని చెప్పింది. జాడీ పట్టుకున్న నా చెయ్యి చల్లబడింది. దాన్ని తెలియని పదార్థం కింద పక్కన పెట్టి పరీక్ష చేయిస్తే, వార్నిష్ కుంచెలు కడిగిన థిన్నర్ అని తేలింది. తిండి పెట్టుకునే పాత్రలోకి ఇలాంటివి ఒక్క గంట కోసం కూడా మార్చకండి. అసలు డబ్బా కారుతుంటే, దాన్ని అలాగే పెద్ద ప్లాస్టిక్ బకెట్‌లో నిలబెట్టి తెచ్చేయండి.

పక్కింటాయన చెప్పిన కిట్టీ లిట్టర్ సంగతి. ఆయన అబద్ధం చెప్పలేదు. చాలా రాష్ట్రాల్లో నీళ్ళ పెయింట్‌ను అలా గట్టిపరిచి చెత్తలో వేయొచ్చు, ఆయన అలాంటి చోటు నుంచి వచ్చి ఉంటారు. కానీ కాలిఫోర్నియాలో ద్రవంగా ఉన్న ఏ పెయింట్‌నూ చెత్తలో వేయకూడదు. పైగా రీసైకిల్ అయ్యే అవకాశం ఉన్న డబ్బాను డబ్బు పెట్టి లిట్టర్ కొని మరీ పాడుచేయడం ఎందుకు? అడుగున గరిటెడు మిగిలితే మాత్రం మూత తీసి, పిల్లలకు అందని చోట గాలి తగిలేలా ఆరనివ్వండి. పూర్తిగా ఎండిపోయి, కర్రతో పొడిస్తే టక్ మని శబ్దం వచ్చిన నీళ్ళ పెయింట్ డబ్బా చెత్తలోకి వెళ్ళొచ్చు. ఆయిల్ పెయింట్‌కు ఈ వెసులుబాటు లేదు.

సింక్‌లో పోయడం, వీధి పక్క డ్రెయిన్‌లో పోయడం అసలు వద్దు. ఫ్రీమాంట్‌లో వీధి డ్రెయిన్‌లోకి వెళ్ళింది ఏ శుద్ధీ జరగకుండా వాగుల్లోంచి నేరుగా శాన్ ఫ్రాన్సిస్కో బేలోకి పోతుంది. నీళ్ళ పెయింట్ వేసిన కుంచెను ఇంట్లో సింక్‌లో కడుక్కోవచ్చు, డ్రైవ్‌వే మీద హోస్ పెట్టి కడగొద్దు.

ఇక ఎక్కడ ఇవ్వాలి. మీకు రెండు చోట్లున్నాయి, వాటి రూల్స్ వేరు. చాలామంది ఇక్కడే తికమకపడతారు.

మొదటిది పెయింట్ షాపులు. కాలిఫోర్నియాలో పెయింట్ కొన్నప్పుడు బిల్లులో పెయింట్‌కేర్ ఫీజు అని చిన్న మొత్తం కనిపిస్తుంది. పెయింట్‌కేర్ అంటే పెయింట్ తయారుచేసే కంపెనీల సంఘం పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ. ఇలాంటి చట్టం మొదట 2009లో ఆరెగాన్‌లో వచ్చింది, కాలిఫోర్నియాలో 2012 అక్టోబర్ నుంచి నడుస్తోంది. ఆ ఫీజు డబ్బుతోనే మిగిలిన పెయింట్ సేకరించి రీసైకిల్ చేయిస్తారు. కాబట్టి ఇచ్చేటప్పుడు మళ్ళీ డబ్బు కట్టనక్కర్లేదు, పాత ఓనరు కొన్న డబ్బా అయినా సరే. ఇందులో చేరిన షాపుల జాబితా ఆ సంస్థ వెబ్‌సైట్‌లో మీ జిప్ కోడ్ కొడితే వస్తుంది. పాత జాబితాలు నమ్మకండి. ఒకప్పుడు బే ఏరియాలో అందరూ వెళ్ళే కెల్లీ-మూర్ షాపులు 2024 జనవరిలో మూతపడ్డాయి, ఇప్పటికీ అక్కడికి డబ్బాలు పట్టుకెళ్ళి తిరిగివచ్చేవాళ్ళు ఉన్నారు.

షాపుల్లో ఇంటి గోడల పెయింట్, ప్రైమర్, డెక్ స్టెయిన్, వార్నిష్, కాంక్రీట్ సీలర్ లాంటివి తీసుకుంటారు, నీళ్ళవైనా ఆయిల్‌వైనా సరే. కానీ అసలు డబ్బాలోనే ఉండాలి, లేబుల్ చదవగలిగేలా ఉండాలి, మూత గట్టిగా పట్టాలి, కారకూడదు, డబ్బా 5 గాలన్లకు మించకూడదు. చాలా షాపులు ఒక్కసారికి 5 గాలన్ల కంటే ఎక్కువ తీసుకోవు. థిన్నర్, టర్పెంటైన్, కారు పెయింట్, రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ, పిల్లల క్రాఫ్ట్ రంగులు, జిగురు, పైకప్పుకు వేసే తారు, చెదలు పట్టకుండా చెక్కకు పూసే మందు, ఇవేవీ అక్కడ కుదరవు. ఇవన్నీ పెయింట్ పక్కనే ఒకే అరలో ఉంటాయి కాబట్టి జనం కలిపి తెచ్చేస్తారు. షాపు మూసి ఉంటే తలుపు ముందు పెట్టి వెళ్ళిపోవద్దు, అది చెత్త పారబోయడం కిందికే వస్తుంది.

రెండోది కౌంటీ సెంటర్. మీది అలమీడా కౌంటీ. ఓక్లాండ్, హేవర్డ్, లివర్మోర్, ఫ్రీమాంట్ నాలుగు చోట్ల ఉన్నాయి. కౌంటీలో నివసించేవాళ్ళకు ఉచితం. పక్కనే ఉన్న శాంటా క్లారా కౌంటీలో అయితే ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, ఆ కౌంటీలోని శాన్ హోజేలో ఉన్న మీ స్నేహితుడు అపాయింట్‌మెంట్ కావాలి అన్నది అందుకే. సెంటర్లు వారంలో అన్ని రోజులూ తెరిచి ఉండవు. 12 రోజులే ఉన్నాయి కాబట్టి ఈ రాత్రే వేళలు చూసి రెండు తేదీలు అనుకోండి. డ్రైవింగ్ లైసెన్స్ లేదా కరెంట్ బిల్లు దగ్గర పెట్టుకోండి.

మీ 23 డబ్బాలకు కౌంటీ సెంటరే మంచిది. లేబుల్ లేనివి, తుప్పు పట్టినవి, థిన్నర్, స్ప్రే డబ్బాలు, పాత బ్యాటరీలు, గార్డెన్ మందులు అన్నీ అక్కడ ఒకేసారి దించొచ్చు.

రెండు తేదీలు ఎందుకంటే, కాలిఫోర్నియాలో ఇంటి హజార్డస్ వేస్ట్‌ను మీ కారులో ఒక ట్రిప్పుకు 15 గాలన్లు లేదా 125 పౌండ్లకు మించి తీసుకెళ్ళకూడదు. గాలన్ లేటెక్స్ డబ్బా దాదాపు 11 పౌండ్లు తూగుతుంది. అంటే నిండు డబ్బాలైతే పదకొండుకే బరువు లెక్క నిండిపోతుంది. సగం ఖాళీవి కదా అని ఇరవై పెట్టకండి. కొన్నిచోట్ల లోపల ఎంత ఉందని కాకుండా డబ్బా సైజునే లెక్కపెడతారు. మీవన్నీ నిండువి కావు కాబట్టి, నిండువాటిని రెండు ట్రిప్పులకూ పంచి పన్నెండు ఒకసారి, పదకొండు ఒకసారి తెస్తే ఏ గొడవా ఉండదు. ఇది పోలీసుల భయంతో పెట్టిన రూల్ కాదు. దారిలో ప్రమాదం జరిగితే కారులో ఉన్నవాళ్ళ ప్రాణాల కోసం పెట్టింది.

మీరు మీ రెండో ఇల్లు అద్దెకిచ్చారని కూడా రాశారు. ఆ ఇంట్లో మిగిలిన డబ్బాలను దీంట్లో కలపకండి. అద్దె ఇంటి నుంచి వచ్చేవాటిని కొన్ని కౌంటీలు వ్యాపారం కింద చూస్తాయి, అప్పుడు అపాయింట్‌మెంట్, ఫీజు ఉంటాయి. ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పి అడగండి. అలాగే పెయింటింగ్ కాంట్రాక్టర్ తన వ్యాన్‌లో తెచ్చేది కూడా వ్యాపార వేస్ట్ కిందే లెక్క, మీ పేరు మీద దించమంటే ఒప్పుకోకండి.

తెచ్చే ముందు రోజు సాయంత్రం ఒక్కో డబ్బా మూత చుట్టూ రబ్బరు సుత్తితో మెల్లగా కొట్టండి. మూత గాడిలో ఎండిన పెయింట్ పేరుకుని ఉంటే ముందు పాత స్క్రూడ్రైవర్‌తో గీకేయండి, లేకపోతే మూత పట్టినట్టే ఉండి మొదటి మలుపులో ఊడిపోతుంది. ట్రంక్‌లో పాత దుప్పటి, దాని మీద అట్టపెట్టెలు, పెట్టెల్లో డబ్బాలు నిలబెట్టి, సందుల్లో నలిపిన న్యూస్‌పేపర్ దోపండి. నీళ్ళవి ఒక పెట్టె, ఆయిల్‌వి ఒక పెట్టె, అన్‌నోన్ ఒక పెట్టె. పిల్లల్ని ఆ ట్రిప్పులో ఎక్కించుకోవద్దు. కిటికీలు కాస్త దించుకుని నేరుగా సెంటర్‌కే రండి, మధ్యలో గ్రోసరీకి ఆగి ఎండలో కారు వదిలేయకండి. ఇక్కడికి వచ్చాక కారు దిగనక్కర్లేదు, ట్రంక్ తెరిస్తే మేమే దించుకుంటాం.

ఇప్పుడు నాన్నగారి మాటకు వస్తాను. మా లాంటి చాలా సెంటర్లలో ఒక గదిలోనో, అరల్లోనో బాగున్న డబ్బాలు పెట్టి ఎవరికి కావాలంటే వాళ్ళకు ఉచితంగా ఇస్తారు. ఒక కాగితం మీద సంతకం పెట్టి తీసుకెళ్ళొచ్చు. మీ డబ్బాల్లో నిండుగా, లేబుల్ శుభ్రంగా ఉన్నవి అక్కడికి చేరవచ్చు. బాగుందో లేదో చూడటం తేలికే. పాతకాలం డబ్బా కాకపోతే మూత తీసి కర్రతో అడుగు నుంచి కలపండి. పైన నీళ్ళు తేలినా రెండు నిమిషాల్లో మీగడ తీసిన పెరుగులా ఒకటే చిక్కదనానికి వస్తే మంచిదే. ఎంత తిప్పినా విరిగిన పాలలా ఉండలు తేలుతుంటే అది చలికి గడ్డకట్టి పాడైపోయింది. మంచిదని తేలిన డబ్బా మూత మీద ఇంటి లోపలిదో బయటిదో రాసిపెట్టండి. షెడ్‌కి వేయాలన్న ఆయన కోరిక కూడా తీర్చొచ్చు, బయటి గోడల పెయింట్ ఒక్క రకం ఎంచుకుని, కొనేవాళ్ళ అనుమతి అడిగి వేయండి.

అన్నీ వదిలించుకోవాలని కూడా లేదు. ఇప్పుడు గోడల మీద ఉన్న రంగుల డబ్బాలు కొనేవాళ్ళకు టచప్‌కి పనికొస్తాయి. మీ ఏజెంట్ ద్వారా అడిగి, సరే అని రాతపూర్వకంగా వస్తే ఏ గదికి ఏదో రాసి మూడు నాలుగు ఉంచేయండి. వాళ్ళు అడగకుండా వదిలేస్తే మాత్రం, పాత ఓనరు మీకు చేసిందే మీరూ వాళ్ళకు చేసినట్టవుతుంది.

గుడ్డల గురించి చెప్పకుండా ముగించలేను. మీ గరాజ్‌లో డెక్ స్టెయిన్ డబ్బా పక్కన నూనె గుడ్డలు కుప్పగా ఉన్నట్టు ఫోటోలో కనిపించింది. లిన్‌సీడ్ (అవిసె) నూనె ఉన్న స్టెయిన్ ఆరేటప్పుడు వేడి పుడుతుంది. తడి గుడ్డలు కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోక, అగ్గిపుల్ల గీయకుండానే అంటుకుంటాయి. ఇవి ఎన్నాళ్ళవో తెలియదు కాబట్టి ఈ రోజే చేతికి గ్లవుజులు వేసుకుని, ఒక్కో గుడ్డ విడదీసి మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి, మునిగేదాకా నీళ్ళు పోసి మూత పెట్టండి. ఆ డబ్బా మొదటి ట్రిప్పులోనే రావాలి.

టెక్సస్ వెళ్ళాక రూల్స్ మారతాయి. అక్కడ పెయింట్ కొన్నప్పుడు ఈ ఫీజు ఉండదు, షాపుల్లో తిరిగి తీసుకునే ఏర్పాటూ ఇలా ఉండదు. సిటీ, కౌంటీలే చూసుకుంటాయి.  మీరు వెళ్ళే ఊరి నీటి బిల్లు వచ్చాక సిటీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. అక్కడ నీళ్ళ పెయింట్‌ను గట్టిపరిచి చెత్తలో వేయనిస్తారు, ఆయిల్ పెయింట్‌ను వేయనివ్వరు. కొత్త ఇంటికి రంగు వేయించేటప్పుడు గోడల కొలత తీసుకుని షాపువాళ్ళతో లెక్క వేయించుకుని కొనండి. అమెరికాలో కొన్న పెయింట్‌లో పదో వంతు వాడకుండానే మిగిలిపోతుందని ప్రభుత్వ పర్యావరణ సంస్థ అంచనా, మీ గరాజ్‌లో ఉన్నది అదే.

ఒకవేళ దారిలో డబ్బా ఒరిగి ట్రంక్‌లో ఒలికితే నీళ్ళు పోసి కడగకండి. పక్కింటాయన దగ్గర కాస్త కిట్టీ లిట్టర్ అడిగి సంచిలో వేసుకుని రండి, దాని మీద చల్లి పీల్చుకున్నాక అట్టముక్కతో ఎత్తి కవర్‌లో కట్టి, డబ్బాలతోపాటు మాకే ఇచ్చేయండి.